ఏడోసారి పాచిక వేస్తే

పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక్కసారైనా ఆరు పడే సంభావ్యత ఎంత? ఈ లెక్క చూడగానే చాలామందికి తట్టేది కూడికే. ఒకసారికి 1/6 కాబట్టి నాలుగుసార్లకు 4/6. ఇలా రాశామంటే తెలియకుండానే ఒక ప్రమేయాన్ని (ఫంక్షన్, అంటే ఒక సంఖ్య ఇస్తే దానికి తగిన విలువ ఇచ్చే సూత్రాన్ని) కూడా తయారు చేసినట్టే: ఎన్నిసార్లు వేశామో ఆ సంఖ్యను 6తో భాగించాలి, అంతే. సరే, విలువలు ప్రతిక్షేపించి చూద్దాం. 1 పెడితే 1/6, బాగానే ఉంది. 6 పెడితే 1. అంటే ఆరుసార్లు వేస్తే ఆరు పడి తీరాలన్నమాట! పాచికలు ఆడినవాళ్లెవరూ దీన్ని ఒప్పుకోరు. అప్పటికీ అనుమానం రాకపోతే 7 పెట్టండి. 7/6 వస్తుంది. సంభావ్యత 1 దాటదు కాబట్టి ఆ సూత్రం పని అయిపోయినట్టే.

తప్పెక్కడుందో రెండుసార్లు వేసినప్పుడే కనబడుతుంది. మొత్తం 36 ఫలితాలు. మొదటిసారి ఆరు పడేవి 6, రెండోసారి ఆరు పడేవి 6. కానీ రెండుసార్లూ ఆరే పడే ఫలితం ఈ రెండింట్లోనూ ఉంది. దాన్ని రెండుసార్లు లెక్కపెట్టేశాం. అసలు జవాబు 12/36 కాదు, 11/36.

అందుకే ఇలాంటి లెక్కను తిరగేసి చేయాలి. ఒక్కసారి కూడా ఆరు పడకుండా ఉండాలంటే ప్రతిసారీ 5/6 చొప్పున గుణించుకుంటూ పోవాలి. నాలుగుసార్లకు 625/1296. దాన్ని 1 నుంచి తీసేస్తే 671/1296, సుమారు 0.518. ఈ కొత్త ప్రమేయంలో 6 పెడితే 0.665, 7 పెడితే 0.721. ఎంత పెద్ద సంఖ్య పెట్టినా 1కి దగ్గరవుతుందే తప్ప 1ని అందుకోదు.

మన పుస్తకాల్లో ప్రమేయాలు ఒక పాఠం, సంభావ్యత ఇంకో పాఠం. రెండూ కలిసే చోటు చూపించరు. ప్రతిక్షేపించడం అంటే ఏదో యాంత్రికమైన పని అనుకోవడం అక్కడే మొదలవుతుంది. (యాంత్రికమే అయినా బ్రాకెట్లు మరిచిపోకూడదు. ఎక్స్² − 3ఎక్స్ + 2లో −2 పెడితే 12 రావాలి. బ్రాకెట్ లేకుండా −2² అని రాసి −4 అనుకుంటే 4 వచ్చి కూర్చుంటుంది.)

కూడికతో దెబ్బతిన్నది పిల్లలే కాదు. 17వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో పాచికల పందేలంటే ఆసక్తి ఉన్న షెవాలియే ద మేరే అనే పెద్దమనిషికి ఇలాంటి చిక్కే వచ్చింది. ఒక పాచికతో నాలుగుసార్లలో ఆరు వేస్తానని పందెం కడితే లాభం. రెండు పాచికలతో జంట ఆరు పడే అవకాశం 1/36. 6కి 4 అయితే 36కి 24 కదా, కాబట్టి 24సార్లకు అంతే లాభం ఉండాలి. కానీ లేదు. దాంతో ఆయన అంకగణితమే తప్పంటూ గొడవ పెట్టుకున్నాడని గణిత శాస్త్రవేత్త పాస్కల్ 1654లో మరో గణిత శాస్త్రవేత్త ఫెర్మాకు రాసిన ఉత్తరంలో ఉంది. 35/36ను 24సార్లు గుణించి 1 నుంచి తీసేస్తే వచ్చేది దాదాపు 0.491, సగానికి కొంచెం తక్కువ. ఇంకొక్కసారి వేయనిస్తే, అంటే 25 పెడితే, 0.506.