ఘర్మం, గరం, థర్మాస్: ఒకే ధాతువు, మూడు దారులు

చెన్నైలోని తెలుగువాళ్ల వంటింట్లో గరం మసాలా డబ్బా ఉంటుంది, థర్మాస్ ఫ్లాస్కు ఉంటుంది. నిఘంటువు తెరిస్తే ఘర్మజలం అంటే చెమట. ఈ మూడు మాటలదీ ఒకే పుట్టిల్లు. ఒకటి సంస్కృతం నుంచి, ఒకటి పారశీకం నుంచి ఉర్దూ మీదుగా, ఇంకొకటి గ్రీకు నుంచి ఇంగ్లీషు మీదుగా మన దగ్గరకు చేరాయి. పొయ్యి మీద కాగే నీళ్ల 'వేడి'కి మాత్రం వాటితో చుట్టరికం లేదు. అయినా 'వెచ్చ', 'వార్మ్' రెండూ వకారంతోనే మొదలవుతాయి కాబట్టి ఒకటేనని వాదించేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

సంస్కృతం, పారశీకం, గ్రీకు, ఇంగ్లీషు వంటి భాషలన్నిటికీ తల్లిగా ఊహించే ఇండో-యూరోపియన్ మూలభాషలో ఈ ధాతువు 'గ్వ్హెర్' అని పండితుల పునర్నిర్మాణం. మొదటి హల్లులో గకారం, వకారపు ఛాయ, మహాప్రాణం మూడూ ఉన్నాయి. సంస్కృతంలో అది ఘర్మ అయింది. ప్రాచీన ఇరానీ గ్రంథమైన అవెస్తాలో గరెమ, పారశీకంలో గర్మ్, గ్రీకులో థెర్మోస్, లాటిన్‌లో ఫోర్ముస్, ఆర్మేనియన్‌లో జెర్మ్.

ఘ, థ, ఫ ఒకే ధ్వని నుంచి వచ్చాయని ఎలా నమ్మాలి? ఒక్క మాట సాక్ష్యం చాలదు. అదే హల్లు ఉన్న మరో ధాతువూ అదే తీరున మారి ఉండాలి. కొట్టడం, చంపడం అనే అర్థమున్న ధాతువును చూడండి: సంస్కృతంలో హంతి, ఘ్నంతి, గ్రీకులో థేఇనో, లాటిన్‌లో దేఫెందో. మనం వాడే 'డిఫెన్స్' ఈ లాటిన్ మాట నుంచి వచ్చిందే. హంతకుడిలో హకారం, శత్రుఘ్నుడిలో ఘకారం ఎందుకున్నాయో కూడా ఇక్కడే తేలుతుంది. మూలభాషలో ఎకారం ముందున్న ధ్వని సంస్కృతంలో హకారమైంది, మిగతాచోట్ల ఘకారంగా నిలిచింది. తర్వాత ఆ ఎకారమే అకారంలో కలిసిపోవడంతో కారణం పైకి కనబడదు. ఘర్మంతో పాటు వేడి అర్థంలో 'హరస్' కూడా ఉండటం ఇందువల్లే: మూలభాషలో ఘర్మంలోది ఒకారం, హరస్‌లోది ఎకారం.

ఇంగ్లీషు 'వార్మ్' దగ్గర చిక్కు ఇంకా తెగలేదు. ఇంగ్లీషు చేరిన జర్మానిక్ భాషల్లో ఈ హల్లు మాట మొదట్లో ఏమైందన్నది వివాదం. వకారమైందనేవారు వార్మ్‌ను ఘర్మం పక్కన పెడతారు. కాదనేవారు కాలడం, ఉడకడం అనే అర్థమున్న 'వెర్' ధాతువును చూపుతారు. పాత స్లావిక్ 'వరితి' దానికి సాక్ష్యం. రెండిట్లో ఏది నిజమైనా 'వెచ్చ'కు అందులో చోటు లేదు.

అర్థాలూ కదిలాయి. ప్రవర్గ్యమనే వైదిక కర్మలో ఘర్మమంటే మట్టిపాత్రలో కాగిన నేతిలో పాలు పోసి ఇచ్చే ఆహుతి. బెంగాలీలో 'ఘామ్' అంటే చెమట. తెలుగు ఘర్మజలంలో కూడా ఆ జాడే. ఉష్ణం, తాపం కూడా ఇండో-యూరోపియన్ మాటలే, కానీ వేరే ధాతువులవి. తాపానికి లాటిన్‌లో తెపిదుస్, రష్యన్‌లో త్యోప్లి తోబుట్టువులు.

సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో ఉన్న బంధాన్ని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రకటించాడు. తెలుగు ఆ కుటుంబంలోది కాదని నిరూపించిన పని మాత్రం చెన్నపట్నంలో జరిగింది. సెయింట్ జార్జి కోట కళాశాలకు చెందిన ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, 1816లో అచ్చయిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన వివరణలో, పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికను ఆధారం చేసుకుని తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను వరుసలుగా పేర్చి చూపాడు. తెలుగు, తమిళం, కన్నడం చేరిన ద్రావిడ కుటుంబంపై ప్రసిద్ధమైన కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది 1856లో, అంటే నలభై ఏళ్ల తర్వాత. ఈ విషయంలో ఎల్లిస్‌కు దక్కాల్సిన పేరు దక్కలేదు.

ఆ పద్ధతినే వేడికి పెట్టి చూద్దాం. తెలుగులో వేఁడి, వెచ్చ, వేసవి, వేగు. తమిళంలో వెప్పం, వెయిల్, వేనిల్. కన్నడంలో బిసి, బెచ్చగె, బేసిగె. కన్నడ బకారం చూసి తడబడనక్కర్లేదు: మన వేరు అక్కడ బేరు, వెండి బెళ్ళి. చెన్నై టీకొట్టు దగ్గర వినబడే 'సూడు' మాత్రం ఈ వరుసలోది కాదు, అది మరో ద్రావిడ ధాతువు.