రంజనుకూ చెమట పడుతుంది

బిడ్డా,

అడ్డా మీద నిలబడ్డ కూలీలు దూపకు అల్లాడుతున్నారు, నేనేం చేయాలె తాతా అని రాసినవ్. చలివేంద్రం పెట్టు. రెండు రంజన్లు, అదే పెద్ద మట్టి కుండలు, ఒక చెట్టు నీడ చాలు. ఇరవై లీటర్ల రంజను ఎనభై గ్లాసులకు వస్తుంది, అంటే మనిషికి రెండేసి చొప్పున నలభై మందికి.

రంజనుకు చెమట పడుతుంది. నీళ్లు మట్టిలోంచి సన్నగా బయటికి ఊరి, గాలికి ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. ఎండలో పార పట్టిన మనిషి ఒళ్లు చల్లబడేదీ ఇట్లనే. అందుకే రంజనుకు గాలి తగలాలె. చుట్టూ టార్పాలిన్ బిగించినా, అందానికని ఆయిల్ పెయింట్ పూసినా నీళ్లు చల్లబడవు. కొత్త రంజనులో రాత్రంతా నీళ్లు నింపి ఉంచి పొద్దున పారబోయి. సబ్బు వాడొద్దు, మట్టి ఆ వాసన పీల్చుకుంటుంది. కొబ్బరి పీచుతో రుద్ది, తడి ఇసుకలో కుదురుగా కూర్చోబెట్టు. అడుగున మిగిలిన నీళ్లు రోజూ చెట్టుకు పోసి, కడిగి నింపాలె.

కొన్నాళ్లకు రంజను పొట్ట మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. గోరుతో గీకి చూడు. పని దిగి వచ్చే మనిషి అంగీ వీపు కూడా చూడు, అవే తెల్లటి చారలు. రంజనుకైతే ఆ ఉప్పు చెమట దారులు మూస్తుంది, పీచుతో రుద్ది తీసేయాలె. మనిషికైతే అది ఒంట్లోంచి పోయిన ఉప్పు, మళ్లీ లోపలికి చేరాలె. బాగా నీరసించిన వాళ్లకు ఓఆర్‌ఎస్ ఇయ్యి. ప్యాకెట్ దొరకకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలువు. ఉప్పు ఎక్కువైతే మేలు కాదు, కీడు.

నీళ్లు ఎక్కడివన్నది ముఖ్యం. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు బోరు నీళ్ల ఫ్లోరైడ్ ఎందరి కాళ్లు వంకర చేసిందో నీకు తెలుసు. మరగబెడితే అది పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కనవుతుంది. సర్కారు తాగునీటి పథకం మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టు. మూత తియ్యగానే చెయ్యి ముంచకుండా పొడుగు కాడ గరిటె పెట్టు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్న. మన ఊళ్లలో కొందరికి గ్లాసు ఇయ్యకుండా, పైనుంచి దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు. హోటళ్లలో వాళ్ల గ్లాసులు వేరే ఉండేవి. అది మనిషిని కించపరచడమే. నువ్వు గ్లాసు కడిగి, నింపి, చేతికియ్యి. "తాగు అన్నా", "తీసుకో అమ్మా" అను. ఫోటోలు తియ్యొద్దు.

ఎవరికన్నా ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, తెలివి తప్పితే, నోట్లో నీళ్లు పోయొద్దు, పొలమారుతాయి. నీడకు చేర్పించి, ఒంటి మీద నీళ్లు చల్లి విసురుతూ 108కి ఫోన్ చేయించు. అందుకే నాన్నను తోడు తీసుకుపో.

రేపు పొద్దున ఏడింటికి అక్కడ నిలబడి చూడు. రంజను దగ్గరికి అందరూ రారు. గోడ పక్కన గడ్డపార పట్టుకుని దూరంగనే కూర్చునేవాళ్లు ఒకరిద్దరు ఉంటరు. గ్లాసు నువ్వే తీసుకుపోయి ఇయ్యి. వాళ్లేమన్నరో నాకు రాయి.

మీ తాత