కారు స్పీకర్లు: డబ్బా మీద వాట్లు చూసి కొనకండి

పదిహేనేళ్లుగా విజయవాడలో కార్లకు ఆడియో బిగిస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముందుగా అడిగేది "ఎన్ని వాట్స్ అన్నా?" అనే. చాలామంది డబ్బు అక్కడే పోతోంది. మంచి పాట వినాలని ఆశపడి, దాచుకున్నది ఖర్చుపెట్టి, చివరికి కంపెనీ స్పీకర్లే నయమని బాధపడేవాళ్లను చూస్తే మనసు ఊరుకోదు. అందుకే రోజూ నా చెవిన పడే మాటలు, వాటి వెనక ఉన్న అసలు సంగతులు రాస్తున్నాను.

అపోహ: 300 వాట్స్ స్పీకర్ 100 వాట్స్ స్పీకర్ కన్నా మూడింతలు గట్టిగా మోగుతుంది.

వాస్తవం: ఆ అంకె స్పీకర్ చేసే శబ్దం కాదు, అది తట్టుకోగల పవర్. అందులోనూ పెద్ద అక్షరాల్లో వేసేది క్షణకాలం తట్టుకునే పీక్ పవర్. మీరు చూడాల్సింది చిన్న అక్షరాల్లో ఉండే ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా తట్టుకునే పవర్. ఇక కారుతో వచ్చిన స్టీరియో సంగతి. దాని మీద 50 వాట్స్ ఇంటూ 4 అని ఉన్నా, 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచే ఆ యూనిట్ ఒక్కో స్పీకర్‌కి గరగర లేకుండా ఇవ్వగలిగేది సుమారు 15 నుంచి 20 వాట్లే. ఆ కాస్త పవర్‌తో ఏ స్పీకర్ ఎంత మోగుతుందో చెప్పేది సెన్సిటివిటీ. 1 వాట్ ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిచిన డెసిబెల్స్ అది. 3 డెసిబెల్స్ పెరిగితే పవర్ రెట్టింపు చేసినంత ఫలితం. 92 డెసిబెల్స్ స్పీకర్ 15 వాట్లతో చేసే శబ్దాన్ని 89 స్పీకర్ చేయాలంటే 30 వాట్లు కావాలి. మీ స్టీరియో దగ్గర అన్ని లేవు. కాబట్టి యాంప్లిఫయర్ పెట్టే ఆలోచన లేకపోతే 90కి పైన ఉన్నవే తీసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని డబ్బాల మీద 1 వాట్ బదులు 2.83 వోల్ట్స్ దగ్గర కొలిచామని ఉంటుంది. 4 ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు కొలత) స్పీకర్‌కి అది 2 వాట్లు ఇచ్చినట్టు. ఆ డెసిబెల్స్ అంకెలోంచి 3 తీసేసి మిగతావాటితో పోల్చండి.

అపోహ: మ్యాగ్నెట్ బరువుగా ఉంటేనే మంచి స్పీకర్, కాగితపు కోన్ (ముందుకూ వెనక్కీ కదిలే గిన్నెలాంటి భాగం) అంటే చవక సరుకు.

వాస్తవం: నియోడిమియం మ్యాగ్నెట్ గుప్పెట్లో పట్టేంత చిన్నదైనా పెద్ద ఫెర్రైట్ మ్యాగ్నెట్ చేసే పని చేస్తుంది. కాగితపు కోన్ తేలిక, గట్టిదనం కూడా ఉంటుంది. ఖరీదైన స్పీకర్లలో ఇప్పటికీ వాడుతున్నారు.

అపోహ: సైజు 6.5 అంగుళాలు అయితే ఏ డోర్‌లోనైనా కూర్చుంటుంది.

వాస్తవం: వెడల్పు ఒక్కటే చూస్తే సరిపోదు, లోతూ చూడాలి. ఒక తమ్ముడు వేరేచోట స్పీకర్లు బిగించుకుని మర్నాడే నా దగ్గరికి వచ్చాడు. డ్రైవర్ వైపు అద్దం సగం దిగి ఆగిపోతోంది. డోర్ ప్యాడ్ ఊడదీసి టార్చి వేసి చూస్తే అద్దం అంచు సరిగ్గా మ్యాగ్నెట్ మీద ఆని ఉంది, మ్యాగ్నెట్ మీద గీత కూడా పడింది. ఇంకో నాలుగుసార్లు బటన్ నొక్కి ఉంటే మోటారు కూడా పోయేది. ఒక మందపాటి ప్లాస్టిక్ రింగ్ వేసి స్పీకర్‌ను బయటికి జరిపితే తీరిపోయింది. ఆ రింగ్ ఎండీఎఫ్ చెక్కతో చేయించకండి, వాననీళ్లకు ఉబ్బిపోతుంది.

అపోహ: స్పీకర్లు మారిస్తే చాలు, బేస్ దానంతట అదే వస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఇంట్లో స్పీకర్‌కి చెక్కపెట్టె ఉంటుంది. కారులో ఆ పెట్టె మీ డోరే. కోన్ ముందుకు తోసిన గాలి, వెనక్కి లాగిన గాలి డోర్ లోపలి రేకుకున్న కంతల్లోంచి కలిసిపోతే ఒకదాన్నొకటి చంపేసుకుని బేస్ పోతుంది. మీ కారు డోర్ బయటి రేకు మీద వేలి కణుపుతో కొట్టి చూడండి, ఖాళీ డబ్బాలా మోగుతుంది. బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్ (రేకు అదరకుండా ఆపే రబ్బరు షీట్) స్పీకర్ వెనక బయటి రేకు మీద అంటించి రోలర్‌తో బాగా నొక్కి, లోపలి రేకు కంతలు మూసి, మళ్లీ కొట్టండి. టప్ మని మొద్దు చప్పుడు వస్తుంది. కంపెనీ స్పీకర్‌కే ఈ పని చేసి వినిపిస్తే "ఇది పాతదేనా అన్నా?" అని అడిగినవాళ్లున్నారు. బడ్జెట్ తక్కువైతే ముందు ముందరి రెండు డోర్లకు డ్యాంపింగ్, మధ్యరకం స్పీకర్లు చాలు. వెనక డోర్లు తర్వాత చూసుకోవచ్చు. తారు షీట్లు మాత్రం వద్దు, మే నెల ఎండలకు మెత్తబడి జారతాయి, వాసనా వస్తుంది. డోర్ అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూయకండి. లోపలి ప్లాస్టిక్ కవర్ చింపి పారేస్తే వానాకాలంలో నీళ్లు కార్పెట్‌లోకి వస్తాయి.

అపోహ: కాంపోనెంట్ సెట్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్, అంటే ట్వీటర్, విడిగా వచ్చేది) ఎప్పుడూ కో-యాక్సియల్ (ట్వీటర్ స్పీకర్ మధ్యలోనే ఉండేది) కన్నా మేలు.

వాస్తవం: ట్వీటర్‌ను డ్యాష్‌బోర్డ్ మూలలోనో అద్దం పక్క త్రికోణంలోనో పెట్టే వీలుంటే మేలే. చోటు లేక మోకాలి దగ్గరే బిగిస్తే ఆ ఖర్చు దండగ.

అపోహ: ఓమ్స్ ఎన్నైనా ఫర్వాలేదు.

వాస్తవం: 4 ఓమ్స్‌కి చేసిన స్టీరియోకి 2 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే వేడెక్కి మధ్యలో ఆగిపోతుంది, కాలిపోవచ్చు కూడా. కంపెనీ ప్రీమియం సిస్టమ్ ఉన్న కొన్ని కార్లలో 2 ఓమ్స్ స్పీకర్లే ఉంటాయి. వాటి బదులు 4 ఓమ్స్ పెడితే అందే పవర్ సగానికి పడిపోతుంది. పాతదాని వెనక రాసి ఉన్నది చదివాకే కొత్తది కొనండి.

వైర్లు కోయనివ్వకండి. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ (వైర్లు కోయకుండా తగిలించే ప్లగ్) దొరుకుతుంది, వారంటీ గొడవా తగ్గుతుంది. పాజిటివ్, నెగటివ్ చూసుకోవడానికి 1.5 వోల్ట్ పెన్సిల్ సెల్ చాలు. సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కి, మైనస్‌ను మైనస్‌కి క్షణం తాకిస్తే కోన్ బయటికి రావాలి. అన్నీ బిగించాక బ్యాలెన్స్ మధ్యలో ఉంచి, ఒక్క గొంతే ఉన్న పాట పెట్టి వినండి. గొంతు డ్యాష్‌బోర్డ్ మధ్యలోంచి వస్తున్నట్టుండాలి. ఎటునుంచి వస్తోందో తెలియక, బేస్ కూడా పల్చబడితే ఒక పక్క స్పీకర్‌కి వైర్లు తారుమారు చేసి మళ్లీ వినండి. డోర్ ప్యాడ్ మూసేది ఆ తర్వాతే.