నల్లగొండలో ఓట్లు తగ్గలేదు, ఊరి సభలే పలచబడ్డాయి

2022 నవంబర్ 3న నల్లగొండ జిల్లాలోని మునుగోడులో జరిగిన అసెంబ్లీ ఉప ఎన్నికలో 90 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. హైదరాబాద్‌లో సగం మంది కూడా పోలింగ్ బూత్‌కు వెళ్లని కాలమిది. అదే మునుగోడులో, పోలింగ్‌కు ముందు, 'పక్క ఊరికి ఇచ్చినన్ని పైసలు మాకెందుకు ఇయ్యరు' అని ఓటర్లు నాయకులను నిలదీశారన్న వార్తలూ వచ్చాయి. ఈ రెండూ కలిపి చూసి జనం చెడిపోయారని తీర్పు చెప్పేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఈ ప్రాంతపు జనం రాజకీయాల్లోకి ఎట్లా వచ్చారో, ఎక్కడ వెనక్కి తగ్గారో తెలియకుండా ఆ తీర్పు చెప్పకూడదు.

నిజాం కాలంలో ఇక్కడి పల్లె మనిషికి ఓటు లేదు, దొర గడి ముందు నోరెత్తే వీలూ లేదు. మొదట్లో ఆంధ్ర మహాసభ భాష, చదువు, గ్రంథాలయాల గురించి మాట్లాడే చదువుకున్నవాళ్ల సంస్థ. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరి సభలు జరిగాక అది ఊళ్లలోకి వెళ్లి 'సంఘం' అయింది. సభ్యత్వ రసీదు తీసుకోవడమంటే వెట్టికి పోనని చెప్పడమే. ఒక్కడు పోనంటే దొర మనుషులు కొట్టేవాళ్లు; ఊరంతా పోనంటే ఏం చేయాలో వాళ్లకే తెలియలేదు. జనాన్ని సంఘంలోకి తెచ్చింది ఉపన్యాసాల కంటే ఈ అనుభవమే. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుపై కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోయాక అది సాయుధ పోరాటం వైపు తిరిగింది. 1951 అక్టోబర్‌లో పోరాటాన్ని విరమించారు.

కొద్ది నెలలకే మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉండటంతో ఆ నాయకులు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీచేశారు. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. నెహ్రూకు కూడా అన్ని రాలేదు. నిన్నటిదాకా పోలీసు క్యాంపులకు భయపడి దాక్కున్న ఊళ్లే వరుస కట్టి ఓట్లేశాయి. అప్పటికే ఏళ్ల తరబడి కలిసి కూర్చుని, కలిసి తెగించిన జనానికి ఓటు ఆ పనికి కొనసాగింపు.

ఆ తర్వాత నమ్మకం సడలిన సందర్భాలు చాలా ఉన్నాయి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత, 1971లో తెలంగాణ ప్రజా సమితి తెలంగాణలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది. అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రాష్ట్రం కోసం ఓటేసినవాళ్లను ఎవరూ అడగలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది ఈ జిల్లాలోనే. కానీ కాలువ ఎక్కని మెట్ట ప్రాంతాలకు, మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లకు బోరు నీళ్లే దిక్కు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమయ్యే ఫ్లోరైడ్ అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పిల్లల పళ్లు పచ్చబడేవి, కాళ్లు వంకర పోయేవి, నడివయసులోనే నడుము వంగిపోయేది. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు వచ్చింది. జిల్లా పేరు శాస్త్రవేత్తలందరికీ తెలిసినా, ఊళ్లకు మాత్రం మంచినీళ్లు రాలేదు.

దరఖాస్తులు పెట్టారు, ధర్నాలు చేశారు. చివరికి దుశర్ల సత్యనారాయణ ముందుండి నడిపిన జల సాధన సమితి ఆధ్వర్యంలో జనం లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలిచారు. పేరుకో గుర్తు కావాలి, అన్ని పేర్లూ బ్యాలెట్‌లో పట్టాలి. పోలింగ్ వాయిదా పడింది. తర్వాత బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చువేసి ఎన్నిక జరిపించారు. సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. నామినేషన్ వేసిన రైతులు గెలుస్తామనుకోలేదు. ఎన్నికను అడ్డుపెట్టి దేశం తమ నీళ్ల వైపు చూసేలా చేశారు. బహిష్కరించి ఇంట్లో కూర్చోవడం కంటే ఇది ఎంతో కష్టమైన పని, ఎంతో తెలివైన పని కూడా.

దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు గుర్తుంచుకోవాల్సింది. అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 చేశారు. స్వతంత్ర అభ్యర్థిని పదిమంది ప్రతిపాదించాలన్నారు. తమిళనాడులోని మొడకురిచ్చిలో అసెంబ్లీకి వెయ్యి మందికి పైగా పోటీచేసింది కూడా ఆ ఏడాదే కాబట్టి, మార్పుకు నల్లగొండ ఒక్కటే కారణమని అనలేం. కానీ పేదరైతుకు తెరుచుకున్న ఒక దారి మూసుకుపోయిన మాట నిజం. ఇప్పుడు డిపాజిట్ 25,000. ఇంటింటికీ నీళ్లిచ్చే పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ కట్టింది 2015లో, అంటే ఆ నామినేషన్లకు 19 ఏళ్ల తర్వాత.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లా కథ వేరు. అక్కడ పనిచేసే వయసువాళ్లు సగం కాలం ముంబై, పుణె, హైదరాబాద్ అడ్డాల మీదే ఉంటారు. సర్పంచ్ ఎన్నికలు వస్తే అభ్యర్థులే ఫోన్లు చేసి, బండ్లు పెట్టి పిలిపిస్తారు. ఓటేసి, మర్నాడు మళ్లీ బస్సెక్కుతారు. గ్రామసభ జరిగే రోజు మాత్రం వాళ్లను ఎవరూ పిలవరు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు. నల్లమల పక్క ఊళ్లకైతే ఒకప్పుడు ఎన్నికలు బహిష్కరించమనే నక్సలైట్ల పిలుపులు, మరోవైపు పోలీసుల ఒత్తిడి ఉండేవి.

అయినా అదే జిల్లాలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలకు జనం వచ్చారు. మస్టర్‌లో, అంటే పని హాజరు పట్టీలో ఉన్న పేర్లు, రోజులు, కూలీ పైకి చదివేవాళ్లు. 'నేను ఆ వారం పనికే పోలే, నా పేరున పైసలెవరు తీసుకున్నరు' అని మండల ప్రజావేదికలో మైకు పట్టుకుని అడిగిన ఆడవాళ్లను అధికారులు సులువుగా కూర్చోబెట్టలేకపోయారు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ అన్నప్పుడు అమ్రాబాద్ ఊళ్లు కదిలాయి, ఆ సెప్టెంబర్‌లోనే అసెంబ్లీ వ్యతిరేక తీర్మానం చేసింది.

మరి మామూలు గ్రామసభకు ఎందుకు రారు? పొద్దున పూట పెడతారు, కూలీ పోతుంది. తీర్మానం ముందే రాసి ఉంటుంది, సంతకాలు ఇళ్లకు పంపి చేయిస్తారు. కొన్నిచోట్ల సర్పంచ్ పదవికే వేలం పెట్టి, ఏకగ్రీవమని ప్రకటిస్తారు. అట్లా కొనుక్కున్నవాణ్ని ఏం అడగాలి, ఏ హక్కుతో అడగాలి? 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీల్లో ఎన్నికైనవాళ్లే లేరు, ప్రత్యేకాధికారులే నడిపారు.

ఆ రెండేళ్ల మధ్యలోనే, 2025 జనవరిలో, రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదవడానికి రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు. జనం కిక్కిరిశారు. పేర్లు లేనివాళ్లు లేచి అధికారులను గట్టిగా అడిగారు, కొన్నిచోట్ల సభలు ఆగిపోయాయి. దాన్ని గలాటా అని రాసినవాళ్లున్నారు. నాకు మాత్రం అది చాలాకాలం తర్వాత నిండిన సభ. ఆ డిసెంబర్‌లో మూడు విడతల్లో కొత్త సర్పంచ్‌లు ఎన్నికయ్యారు. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. పంచాయతీకి వచ్చిన నిధులెన్ని, కట్టిన బిల్లులెన్ని అని అక్కడ లేచి అడగడానికి డిపాజిట్ అక్కర్లేదు.