ఇంటి పన్ను: బిల్లు రాకపోయినా బకాయి పెరుగుతూనే ఉంటుంది

హైదరాబాద్ చిక్కడపల్లిలో మీసేవ కౌంటర్ నడపడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. అంతకుముందు ఈసేవలో ఆపరేటర్‌గా చేశాను. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఆదాయ సర్టిఫికెట్ అన్నీ మా దగ్గరికే వస్తాయి. జనం ముఖాలు వాడిపోయి వచ్చేది మాత్రం ఇంటి పన్ను కోసమే. మొన్న ఒక్కరోజులోనే ముగ్గురు వచ్చి ఒకటే ప్రశ్న అడిగారు: "మాకు బిల్లే రాలేదు మేడం, మరి బకాయి ఎట్లా వచ్చింది?" వాళ్లకు చెప్పిన సంగతులే కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: బిల్లు రాలేదంటే పన్ను లేనట్టే. వచ్చినప్పుడు కట్టొచ్చు.

వాస్తవం: పన్ను పడేది పీటీఐఎన్ మీద, అంటే ప్రతి ఇంటికీ జీహెచ్‌ఎంసీ ఇచ్చే పన్ను గుర్తింపు నంబరు మీద. ఆ పది అంకెల నంబరుకి ఒక ఖాతా ఉంటుంది. ఏటా రెండు అర్ధ సంవత్సరాలకు డిమాండ్, అంటే కట్టాల్సిన పన్ను, ఆ ఖాతాలో రాస్తారు. మీ చేతికి కాగితం అందిందా లేదా అన్నది ఆ ఖాతాకి తెలియదు. బిల్లు కిరాయికి ఉన్నవాళ్లు తీసుకుని మరిచిపోవచ్చు, వాచ్‌మన్ గదిలోనే ఉండిపోవచ్చు, మెసేజ్ మీరు ఎప్పుడో మానేసిన సిమ్‌కి పోవచ్చు. గడువు దాటితే బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది.

నెలకు 2 శాతం అంటే చాలామందికి చిన్నగా వినిపిస్తుంది. మన లెక్కలో చెప్తాను: నూటికి రెండు రూపాయల వడ్డీ. బిడ్డ పెళ్లికి అప్పు తేవాల్సి వచ్చినా రెండు రూపాయల వడ్డీ అంటే ఇంకో మనిషి దగ్గరికి వెళ్లి అడిగే వాళ్లే, ఇంటి పన్ను దగ్గర తెలియకుండా ఏళ్ల తరబడి అదే వడ్డీ మోస్తున్నారు. యాభై నెలలకు, అంటే నాలుగేళ్ల రెండు నెలలకు, వడ్డీ అసలంత అవుతుంది. ఎనిమిదేళ్లు దాటితే అసలుకి రెట్టింపు వడ్డీ. ఇలా నష్టపోయేవాళ్లలో ఎగ్గొట్టాలనుకున్న మనిషి అరుదు. బిల్లు కోసం మర్యాదగా ఎదురుచూసినవాళ్లే ఎక్కువ.

రెండేళ్ల కిందట వచ్చిన ఒక పెద్దాయన సంగతి చెప్తాను. రిటైరైన టీచర్. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, అందులో కొన్నేళ్ల రసీదులు ఏడాది వారీగా పిన్ను కొట్టి ఉన్నాయి. దాని మీద రెడ్ నోటీసు, అంటే బకాయి కట్టకపోతే జప్తు చేస్తామనే హెచ్చరిక. జప్తు అన్న మాట చదివి రాత్రంతా నిద్రపోలేదట. "పన్ను ఏ ఏడూ ఆపలేదమ్మా, ఏప్రిల్‌లోనే కడుత. మరి ఈ లక్ష ఎక్కడిది?" అన్నారు. గొంతు వణుకుతోంది. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. రసీదుల మీద ఒక పీటీఐఎన్, నోటీసు మీద ఇంకొకటి.

నోటీసు వచ్చింది పాత ఇంటి నంబరు మీద. వాళ్ల నాన్నగారి కాలం నాటి ఇల్లు. తొమ్మిదేళ్ల కిందట డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. ఇల్లు కూల్చి అయిదంతస్తులు కట్టారు, ఒక్కో ఫ్లాట్‌కీ కొత్త పీటీఐఎన్ వచ్చింది. పాత నంబరు మాత్రం ఎవరూ రద్దు చేయించలేదు. బిల్డర్ చూసుకుంటాడని ఈయన అనుకున్నారు, ఫ్లాట్లు అప్పజెప్పాక తన పని అయిపోయిందని బిల్డర్ అనుకున్నాడు. ఇల్లు కూల్చిన సంగతి రాసి ఇవ్వాల్సింది యజమానే. ఇవ్వనంతకాలం లేని ఇంటి మీద కూడా డిమాండ్ నడుస్తూనే ఉంటుంది. ఏడాదికి 6,000 చొప్పున తొమ్మిదేళ్లకు 54,000, దాని మీద వడ్డీ అంతకు మించి.

ఎవరో ఆయనకు "వన్ టైమ్ స్కీమ్ వచ్చేదాకా ఆగండి, తొంభై శాతం పోతుంది" అని సలహా ఇచ్చారు. నాకు కోపం వచ్చింది. పాత బకాయిలు ఒకేసారి కట్టేవాళ్లకు అప్పుడప్పుడు ప్రభుత్వం ఇచ్చే ఆ స్కీమ్‌లో తగ్గేది వడ్డీలో మాత్రమే. అసలు మొత్తం, మిగిలిన పది శాతం వడ్డీ ఒకేసారి కట్టాలి. అంటే ఈయన లేని ఇంటికి 54,000 కట్టి పైన వడ్డీ కూడా కట్టేవారు! చేయాల్సింది పాత అసెస్‌మెంట్, అంటే పాత నంబరు మీది పన్ను లెక్క, రద్దుకి అప్లికేషన్. కొత్త బిల్డింగ్ పర్మిషన్ కాపీ, పాత కరెంటు మీటర్ సరెండర్ చేసిన కాగితం, ఫ్లాట్లన్నిటి పీటీఐఎన్‌ల జాబితా, ఆయన ఫోల్డర్‌లోని రసీదులు జతచేసి సర్కిల్ ఆఫీసులో (మన ప్రాంతపు జీహెచ్‌ఎంసీ ఆఫీసు) పెట్టించాను. ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్లారు. రెండు నెలలకు, కూల్చిన తేదీ తర్వాతి డిమాండ్ తీసేశారు. కూల్చకముందు కట్టడం మరిచిపోయిన ఒక అర్ధ సంవత్సరం పన్ను 3,000 మిగిలింది. దాని మీద తొమ్మిదేళ్ల వడ్డీ 6,480. ఆ 9,480 కట్టిన రసీదు కూడా ఆయన అదే ఫోల్డర్‌లో పిన్ను కొట్టుకున్నారు.

కాబట్టి పాత ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చినవాళ్లు, రెండు పోర్షన్లు కలిపి ఒకటి చేసుకున్నవాళ్లు, సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ కొన్నవాళ్లు ఏడాదికి ఒక్కసారైనా జీహెచ్‌ఎంసీ సైట్‌లో మీ డోర్ నంబరు కొట్టి చూడండి. పీటీఐఎన్ తెలియకపోయినా సర్కిల్, యజమాని పేరు, డోర్ నంబరుతో వెతకొచ్చు. ఒకే అడ్రస్ మీద మీకు తెలియని రెండో నంబరు కనిపిస్తే వెంటనే కదలండి. ముఖ్యంగా కొనేవాళ్లకు చెప్తున్నా: బకాయి ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. అమ్మినాయన అమెరికా వెళ్లిపోయినా అది మీ గుమ్మంలోనే ఉంటుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందే ఈ పని చేయండి.

అపోహ: బిల్లు ఇంకా నాన్న పేరు మీదే ఉంది, పేరు మారాకే కట్టాలి.

వాస్తవం: పేరు ఎవరిదున్నా కట్టొచ్చు. నంబరు కొడితే ఎవరైనా కట్టొచ్చు. చనిపోయినవాళ్ల పేరు మీద కడితే కేసవుతుందని ఎవరు పుట్టించారో గానీ, ఆ భయంతో ఆరేళ్లు ఆగిన కుటుంబం నాకు తెలుసు. అన్నదమ్ముల మధ్య మాటల్లేవు, పేరు ఎవరిది పెట్టాలో తేలలేదు, ఈలోగా వడ్డీ ముగ్గురికీ సమానంగా పెరిగింది. మా ఇంట్లోనూ నాన్న పోయిన తర్వాత మూడేళ్లు ఆయన పేరు మీదే కట్టాను. రసీదులో ఆయన పేరు చూసిన ప్రతిసారీ అమ్మ దాన్ని ఒకసారి చేత్తో తడిమేది. మార్పించమని నేను తొందరపెట్టలేదు. తర్వాత డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, తమ్ముడి సమ్మతి పత్రం పెట్టి మ్యుటేషన్, అంటే పేరు మార్పు, చేయించాం. ఆ మూడేళ్లలో పైసా వడ్డీ పడలేదు. కొత్తగా రిజిస్ట్రేషన్ చేసుకునేవాళ్లకు మ్యుటేషన్ అప్పుడే జరిగే ఏర్పాటు ఉంది. అయినా నెల తర్వాత సైట్‌లో పేరు మారిందో లేదో ఒకసారి చూసుకోండి.

అపోహ: వన్ టైమ్ స్కీమ్ ఎలాగూ వస్తుంది, ముందే కట్టేవాడు పిచ్చోడు.

వాస్తవం: 2020లో వచ్చింది, 2022లో వచ్చింది, 2024లోనూ 2025లోనూ మార్చి నెలలో వచ్చింది. మళ్లీ ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పగలిగినవాళ్లు లేరు. పాత బకాయి ఉన్నవాళ్లకు అది పెద్ద ఊరట, నేనే ఫోన్ చేసి పిలిచి కట్టిస్తాను. దాన్ని నమ్ముకుని ఈ ఏడు పన్ను ఆపితే, స్కీమ్ వచ్చినా పది శాతం వడ్డీ, రాకపోతే మొత్తం. పైగా ఎర్లీ బర్డ్ తగ్గింపు పోతుంది.

ఎర్లీ బర్డ్ అంటే ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గింపు. అది ఈ ఏడు పన్ను మీదే, బకాయి మీద కాదు.

ఇక బిల్లు అర్థం కాక పడే టెన్షన్. "కిరాయి ఎక్కువ తీసుకుంటున్నామని తెలిస్తే పన్ను పెంచేస్తారా" అని గొంతు తగ్గించి అడుగుతారు. నివాస గృహాలకు మీరు తీసుకునే కిరాయితో లెక్క కట్టరు. ఏరియాని బట్టి, కట్టడం రకాన్ని బట్టి చదరపు అడుగుకి నెలకు ఇంత అద్దె విలువ అని ముందే ఖరారు చేసి ఉంటుంది. ఉదాహరణకి 1,000 చదరపు అడుగుల ఫ్లాట్, అడుగుకి రూపాయి పావలా అనుకుందాం. నెలకు 1,250, ఏడాదికి 15,000. నెల విలువ 300 దాటింది కాబట్టి 30 శాతం, అంటే 4,500. అందులో తరుగుదల కింద 10 శాతం తీస్తే 4,050. దానికి 8 శాతం లైబ్రరీ సెస్ 324 కలిపితే 4,374. అర్ధ సంవత్సరానికి 2,187. ఎర్లీ బర్డ్‌లో కడితే దాదాపు 219 రూపాయలు మిగులుతాయి. మీ బిల్లులో అంకె దీనికి బాగా తేడాగా ఉంటే ముందు చూడాల్సింది ప్లింత్ ఏరియా, అంటే కట్టడం విస్తీర్ణం. సేల్ డీడ్‌లో ఉన్నదీ బిల్లులో ఉన్నదీ సరిపోల్చండి. రెండోది, ఇల్లు నివాసమని రాసి ఉందా, కమర్షియల్ అనా. కింద షాపు తీసేసి మళ్లీ ఇల్లు చేసుకున్నవాళ్లలో చాలామంది ఆ సంగతి రాసివ్వక షాపు పన్నే కడుతున్నారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పన్ను రసీదు యాజమాన్య హక్కు పత్రం కాదు. రసీదు చూపించి ఇల్లు అమ్ముతామంటే కొనకండి. అనుమతి లేని అంతస్తుకి పన్ను వేశారంటే అది రెగ్యులర్ అయినట్టు కాదు, అలాంటి కట్టడాలకు పన్ను మీద నూరు శాతం దాకా పెనాల్టీ వేసే వీలుంది, అది కట్టినా రెగ్యులరైజ్ చేసినట్టు కాదని చట్టంలోనే ఉంది. 15,000 లోపు ఇంటి పన్నులో సగం మాఫీ 2020 దీపావళికి ప్రకటించారు, 2020-21 ఒక్క ఏడాదికే. దాని ఫొటో ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది, దయచేసి ముందుకు పంపకండి. ఇళ్ల వివరాలు మ్యాప్ మీదికి ఎక్కించడానికి 2024లో మొదలైన జీఐఎస్ సర్వేకి వచ్చినవాళ్లు ఇల్లు కూల్చడానికి కొలతలు తీస్తున్నారని మా గల్లీలో ఒక పెద్దమ్మ తలుపు తీయలేదు. ఐడీ కార్డు అడిగి చూసి, వివరాలు ఇవ్వండి. లింకు నొక్కి పన్ను కట్టమని తెలియని నంబరు నుంచి మెసేజ్ వస్తే నొక్కకండి.

నోటీసు వచ్చినవాళ్లకు ఒక మాట. ఎర్ర అక్షరాలు చూసి అప్పు చేసి ఆ రోజే కట్టేయకండి, చింపి పారేయకండి కూడా. ముందు దాని మీది పీటీఐఎన్ మీదేనా చూడండి. మీదే అయి, అంకెలో తేడా ఉంటే రాతపూర్వకంగా సర్కిల్ ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. నోటి మాటగా చెప్పి వచ్చింది ఎక్కడా రికార్డు కాదు. పన్ను ఫిర్యాదుల కోసం సర్కిళ్లలో పరిష్కారం కార్యక్రమం పెట్టినప్పుడు పొద్దున్నే వెళ్లండి, సంబంధించిన వాళ్లంతా ఒకేచోట ఉంటారు.

ఏప్రిల్ చివరి మూడు రోజులు మా కౌంటర్ ముందు క్యూ మెట్ల కింది దాకా ఉంటుంది. పెద్దవాళ్లు ఎండలో నిలబడటం చూడలేను. ఇరవయ్యో తారీఖు లోపే రండి, ఉదయం పదకొండు లోపు అయితే ఇంకా మంచిది. పాత రసీదు ఒకటి తెచ్చుకోండి, నంబరు దాని మీదే ఉంటుంది. రసీదు లేకపోతే డోర్ నంబరు చెప్పండి, వెతికి చూస్తాం.