పాటకు కట్టిన డబ్బు ఎవరికి చేరింది?

మా మేనల్లుడి ఫోన్లో ఉన్న పాటలన్నీ ఉచితంగా దించుకున్నవే. నెలకు వందో రెండొందలో కట్టి వినొచ్చు కదరా అని ఓసారి అడిగాను. "రాసినాయనకీ పాడినాయనకీ ఎప్పుడో ఇచ్చేశారుగా మావయ్యా! ఇప్పుడు నేను కట్టినా అది కంపెనీకే పోద్ది" అన్నాడు. కుర్రాడి మాటలే అని కొట్టిపారేయలేకపోయాను. ఎందుకంటే మన దేశంలో దశాబ్దాల పాటు జరిగింది అదే. వాడికి తెలియంది ఒక్కటే: ఆ లెక్క 2012లో మారింది. అంతకుముందు ఏం జరిగిందో, తర్వాత ఏం మారిందో చూడకుండా ఉచిత డౌన్‌లోడ్ తప్పా ఒప్పా అని ఎంత వాదించుకున్నా తేలదు.

తొంభైల మొదట్లో తెనాలిలో మా వీధి చివర ఒక రికార్డింగ్ షాపు ఉండేది. కాగితం మీద పాటల లిస్టు రాసి, అరవై నిమిషాల ఖాళీ కేసెట్టుతో పాటు ఇచ్చి వస్తే నాలుగు రోజులకు ఎక్కించి ఇచ్చేవారు. ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు, అంటే ఆరు పాటలు. ఏడోది రాస్తే సగంలో తెగిపోయేది. "ఏడోది పట్టదు తమ్ముడూ, ఇంకేదన్నా చిన్న పాట చెప్పు" అనేవాడు షాపాయన. కేసెట్టు పై అంచున రెండు చివర్లా రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలు ఉంటాయి. వాటిని విరగ్గొడితే ఇక దాని మీద వేరే పాట రికార్డు కాదు. కంపెనీ కేసెట్లు అలా విరిచినవే వచ్చేవి. మేం ఆ కన్నాల మీద సెల్లోటేపు అంటించి, పాత కేసెట్టు మీదే కొత్త సినిమా పాటలు ఎక్కించుకునేవాళ్లం. షాపాయన తన కష్టానికి డబ్బు తీసుకునేవాడు. పాట కట్టినవాళ్లకు అందులో పైసా లేదు. మా నాన్న ఏ లెక్కలోనూ పరాయి సొమ్ము ముట్టని మనిషి. ఆ లిస్టులు ఆయన చేతిరాతలోనే ఉండేవి. ఇది ఒకరి సొమ్ము అన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

అలా రాకపోవడానికి కారణం ఉంది. గ్రామఫోను రికార్డుల కాలంలో మన పాటల వ్యాపారమంతా దాదాపు ఒక్క హెచ్ఎంవీ చేతిలోనే ఉండేది. రికార్డు కొనడం, దాన్ని వాయించే పెట్టె కొనడం మధ్యతరగతికి తలకు మించిన భారం. పాటంటే రేడియోలో వచ్చేది, పెళ్లి పందిట్లో మైకు సెట్టువాడు వేసేది. డబ్బు పెట్టి కొనుక్కునే సరుకుగా అది మనకు ఎప్పుడూ అలవాటు కాలేదు. కేసెట్టు వచ్చాక, 1983లో ఢిల్లీలో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ మొదలుపెట్టాక, పాట చవకైంది. పాత పాటలను వేరే గొంతులతో మళ్లీ పాడించి అమ్మడానికి చట్టంలో ఉన్న ఒక వెసులుబాటును ఆ కంపెనీ బాగా వాడుకుంది. దొంగ కేసెట్లూ అప్పుడే వెల్లువెత్తాయి. 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు, కేసెట్టు మీద తయారీదారు పేరు, చిరునామా వేయాలన్నారు. మా ఊరి రికార్డింగ్ షాపు మాత్రం ఎప్పట్లాగే నడిచింది.

అసలు సంగతి పైరసీకి ముందే ఉంది. కంపెనీ కేసెట్టే కొన్నా ఆ డబ్బు పాట రాసిన చేతికి వెళ్లేది కాదు. మన సినిమాల్లో రచయితకు పాటకింత అని ముట్టజెప్పేవారు. సంగీత దర్శకుడికి సినిమాకింత, గాయకుడికి పాటకింత. ఆ తర్వాత ఆ పాట ఊరూరా యాభై ఏళ్లు మోగినా వాళ్లకు సంబంధం లేదు. 1957 నాటి కాపీరైటు చట్టం కూడా నిర్మాత వైపే మొగ్గింది. రచయితలు, స్వరకర్తలు కలిసి 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ పెట్టుకున్నారు. అందరూ ఐపీఆర్ఎస్ అంటారు. తమ పాటలను బహిరంగంగా వాడుకునేవాళ్లు రుసుము కట్టాలని ఆ సంస్థ అడిగితే సినిమా సంఘాలు ఎదురు తిరిగాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

1977లో తీర్పు వచ్చింది. నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్నా, స్వరం కట్టించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు నిర్మాతేనని కోర్టు తేల్చింది. ఆ బెంచిలో ఉన్న జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పుతో ఏకీభవిస్తూనే చివర్లో కొంత విడిగా రాశారు. మన చట్టం దృష్టిలో సంగీతమంటే కాగితం మీదికెక్కిన స్వరమేనని, గాయకుడి గొంతుకు రక్షణే లేదని, పార్లమెంటు దీని గురించి ఆలోచించాలని అన్నారు. మన సంగీతంలో స్వరాన్ని కాగితం మీద పెట్టేదెవరు? ఘంటసాల ఒక పదాన్ని ఎక్కడ ఆపారో, ఎక్కడ సాగదీశారో ఏ నొటేషన్‌లో దొరుకుతుంది? సంగీత కృతి అంటే రాత మీద ఉండి తీరాలన్న ఆ నిర్వచనం 1994 సవరణ దాకా అలాగే ఉంది.

గాయకుల్లో కూడా అందరిదీ ఒకే మాట కాదు. అరవైల్లో లతా మంగేష్కర్ గాయకులకు రాయల్టీ, అంటే పాట మీద వచ్చే డబ్బులో వాటా కావాలని పట్టుబడితే, మహమ్మద్ రఫీ తీసుకున్న పారితోషికంతో లెక్క తీరిపోయినట్టేనన్నారు. ఆ తేడాతో ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. రఫీది పెద్ద మనసు. న్యాయం మాత్రం లతా మాటలోనే ఉందని నా నమ్మకం. అవకాశాలు తగ్గిన గాయకుడికి, గొంతు పోయిన గాయకుడికి పాత పాట తప్ప ఇంకేముంటుంది?

ఇంతలో పాట కేసెట్టులోంచి బయటపడింది. 1999లో అమెరికాలో షాన్ ఫానింగ్ అనే కాలేజీ కుర్రాడు నాప్‌స్టర్ తయారుచేశాడు. ఒకరి కంప్యూటర్లో ఉన్న పాట ఇంకొకరు నేరుగా తెచ్చుకోవచ్చు. కేసులు పడి 2001లో అది మూతపడింది. 2003లో యాపిల్ ఒక్కో పాటను 99 సెంట్లకు అమ్మే దుకాణం ఆన్‌లైన్లో తెరిచింది. అదే ఏడాది అక్కడి రికార్డు కంపెనీలు మామూలు శ్రోతల మీద కూడా కేసులు వేశాయి. వాటిలో పన్నెండేళ్ల అమ్మాయి మీద వేసినదీ ఉంది. ఆ కేసులతో కంపెనీలు జనం దగ్గర పరువు పోగొట్టుకున్నాయి, డౌన్‌లోడ్లు మాత్రం ఆగలేదు.

మన దగ్గరికి ఆ మార్పు ఎంపీ3 సీడీల రూపంలో వచ్చింది. సీడీ 700 ఎంబీ, పాట సుమారు 5 ఎంబీ, అంటే బస్టాండు బయట కొన్న ఒక్క సీడీలో 140 పాటలు. తర్వాత నెట్ సెంటర్లు, ఆ తర్వాత సెల్‌ఫోన్ షాపుల్లో మెమరీ కార్డుకు పాటలు ఎక్కించడం. తెలుగు పాటల వెబ్‌సైట్లు పుట్టాక సినిమా ఆడియో విడుదలైన పూటే పాటలన్నీ అందులో ఉండేవి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు డబ్బు పెట్టి కొందామన్నా తెలుగు పాట దొరికే దుకాణం ఉండేది కాదు, అదీ ఒప్పుకోవాలి.

ఆ రోజుల్లో దించుకున్న పాటలు నా పాత హార్డ్ డిస్కులో ఇంకా ఉన్నాయి. ఈ మధ్య తెరిచి చూస్తే ఒక విషయం నన్ను పట్టి నిలబెట్టింది. పాట ఫైలులో గాయకుడు, స్వరకర్త, రచయిత పేర్లు రాసుకోవడానికి విడివిడిగా గళ్లుంటాయి. వాటన్నింట్లోనూ ఒకే పేరుంది, ఆ వెబ్‌సైటు పేరు. కేసెట్టు అట్ట మీద చిన్న అక్షరాల్లోనైనా "రచన: వేటూరి" అని ఉండేది. మేం సెల్లోటేపు అంటించిన రోజుల్లో కూడా ఆ అట్ట మా దగ్గర ఉంది, ఆ పేరు మాకు తెలుసు. ఉచిత డౌన్‌లోడు డబ్బుతో పాటు ఆ పేరును కూడా తీసుకుపోయింది. నన్నడిగితే రెండోదే పెద్ద నష్టం.

చట్టం 2012లో మారింది. కాలర్ ట్యూన్ల మీద కోట్లు గడిస్తుంటే పాట పుట్టించినవాళ్ల వాటా ఏదన్న ప్రశ్న అప్పటికి గట్టిగా లేచింది. అప్పుడు రాజ్యసభలో ఉన్న హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ ఈ సవరణ కోసం బాగా పోరాడారు. దాని సారాంశం ఇదీ: సినిమా పాట రాసినవారు, స్వరం కట్టినవారు హక్కులు రాసిచ్చేసినా సరే, థియేటర్లో సినిమాతో కలిపి వేయడం తప్ప మిగతా ఏ వాడకం మీదైనా వచ్చే రాయల్టీలో హక్కుదారుతో సమాన వాటా వాళ్లది. ఆ వాటాను వాళ్లు వదులుకుంటామన్నా చెల్లదు. వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైటు సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. సంతకం పెడితేనే అవకాశం ఇస్తామని బెదిరించే దారిని ఆ ఒక్క మాట మూసేసింది. గాయకులకూ వాణిజ్య వాడకం మీద రాయల్టీ హక్కు వచ్చింది.

వేటూరి 2010 మేలో కన్నుమూశారు. ఆత్రేయ 1989లోనే వెళ్లిపోయారు. తెలుగువాళ్లు రోజుకు ఎన్నిసార్లు పాడుకుంటారో లెక్కలేని పాటలు రాసిన ఆ ఇద్దరూ ఈ చట్టం చూడలేదు.

అలాగని కాగితం మీద రాసిన వాటా వెంటనే చేతికి రాలేదు. ఐపీఆర్ఎస్ మళ్లీ కాపీరైటు సొసైటీగా నమోదయ్యేసరికి 2017 వచ్చింది. ఎఫ్ఎం రేడియోలు, రికార్డు కంపెనీకి కడుతున్నాం కాబట్టి రచయితకు విడిగా కట్టనక్కర్లేదని వాదించాయి. బొంబాయి హైకోర్టు 2011లో ఆ వాదనతో ఏకీభవించింది. 2012 సవరణ తర్వాత వచ్చిన కేసుల్లో అదే కోర్టు 2023 ఏప్రిల్లో, రేడియోలో పాట వేసినా రచయితకు, స్వరకర్తకు రాయల్టీ రావాల్సిందేనని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

ఈ గొడవ మన ఇళ్లలోకి వచ్చింది మాత్రం 2017 మార్చిలో. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాటల ప్రస్థానానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని ఇళయరాజా నుంచి లాయరు నోటీసు వెళ్లింది. ఆ చట్టం సంగతి తనకు తెలియదని, చట్టమైతే పాటిస్తానని, ఇకపై ఆ పాటలు పాడబోమని బాలు ఫేస్‌బుక్‌లో రాశారు. ఆ రోజు మనలో చాలామందికి బాధేసింది, కోపమొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరూ కలిసి పుట్టించిన పాట మీద ఒకరికి మాత్రమే హక్కేమిటి అనుకున్నాను. కోపం తగ్గాక తట్టింది: టికెట్లు అమ్మి చేసే కచేరీకి హాలు అద్దె కడతారు, లైటింగుకు కడతారు, పాట కట్టినాయనకు మాత్రం కట్టాలన్న ఊహే ఎవరికీ ఉండదు. అనుమతి తెచ్చుకోవాల్సింది నిర్వాహకులు. నోటీసు అందుకుని నొచ్చుకున్నది స్నేహితుడు. ఇళయరాజా అడిగిన హక్కు న్యాయమైనదే, అడిగిన తీరు మనసు కష్టపెట్టింది. రెండేళ్ల తర్వాత, 2019 జూన్‌లో చెన్నైలో ఇద్దరూ మళ్లీ ఒకే వేదిక మీదికి వచ్చారు.

ఇప్పుడు ఉచితంగా దించుకోవాల్సిన అవసరమే చాలావరకు పోయింది. 2019 ఫిబ్రవరిలో పాటల యాప్ స్పాటిఫై మన దేశానికి వచ్చినప్పుడు నెలకు 119 రూపాయలు. యాడ్స్ భరిస్తే అదీ అక్కర్లేదు. యాడ్స్‌తో విన్నా, తక్కువైనా సరే, హక్కుదారులకు ఎంతో కొంత జమవుతుంది. పైరసీ సైటు నుంచి దించుకుంటే సున్నా. తేడా ఇక్కడుంది.

అయితే డబ్బు కట్టేవాళ్లు కూడా తెలుసుకోవాల్సిందొకటుంది. మీరు నెలంతా ఒక్క గాయని పాటలే విన్నా మీరు కట్టిన డబ్బు నేరుగా ఆమెకు వెళ్లదు. యాప్ మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా తను ఉంచుకుని, మిగతాదంతా ఒక రాశి పోస్తుంది. మొత్తం వినికిడిలో ఎవరి పాటలు ఎంత శాతమో ఆ లెక్కన పంచుతుంది. ఎక్కువమంది వినే పెద్ద కంపెనీ పాటలకే పెద్ద భాగం. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి కనీసం 1000 సార్లు వినని పాటకు రికార్డింగు రాయల్టీ అసలు లేదు. పల్లెలో ఫోన్లో రికార్డు చేసి పాట పెట్టుకునే జానపద గాయకుడికి ఆ 1000 చిన్న గడప కాదు.

పాత పాటలు ఎలాగూ ఉచితమేగా అనేవాళ్లూ ఉన్నారు. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన 60 ఏళ్ల దాకా, సాహిత్యం మీద హక్కు రాసినవారు పోయాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. 1957లో వచ్చిన 'మాయాబజార్' రికార్డులకు గడువు 2017తో తీరింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి ఆ మాటలకు 2031 చివరి దాకా హక్కు ఉంది.

ఇదంతా మేనల్లుడికి ఓ ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. 2012 సంగతి వాడికి అస్సలు తెలియదు. "అయితే నేను కడితే రాసినాయనకి ఎంతో కొంత వెళ్తుందన్నమాట" అన్నాడు. వెళ్తుంది, కానీ ఏ పాట ఎవరు రాశారో ఆ సొసైటీ రికార్డుల్లో, యాప్ వివరాల్లో సరిగ్గా ఉంటేనే అన్నాను. వాడు అప్పటికప్పుడు ఫోన్ తీసి, వాళ్ల అమ్మకు ఇష్టమైన ఎనభైల నాటి పాట ఒకటి పెట్టి వివరాలు తెరిచాడు. పాడినవారి పేర్లున్నాయి, స్వరకర్త పేరుంది. రచయిత గడి ఖాళీగా ఉంది. "ఎవరు రాశారు మావయ్యా ఇది?" అని అడిగాడు. చెప్పాను.