నంబర్ వన్ జట్టుకు కప్పు ఎందుకు దక్కదు?

2021లో అమెరికాలోని మేజర్ లీగ్ సాకర్ అనే ఫుట్‌బాల్ లీగ్‌లో న్యూ ఇంగ్లండ్ రెవల్యూషన్ 34 మ్యాచ్‌ల్లో 73 పాయింట్లు సాధించింది. అప్పటికి అదే లీగ్ రికార్డు. కానీ అక్కడ పట్టికలో ముందుంటే సరిపోదు, లీగ్ మ్యాచ్‌ల తర్వాత జరిగే నాకౌట్ పోటీలు, అంటే ప్లేఆఫ్స్, గెలిచినవాళ్లే ఛాంపియన్లు. తూర్పు విభాగంలో మొదటి స్థానం, అంటే టాప్ సీడ్ కాబట్టి ఆ జట్టుకు తొలి రౌండ్ ఆడే పని తప్పింది. నవంబర్ 7న ఆఖరి లీగ్ మ్యాచ్ ఆడి, మళ్లీ నవంబర్ 30న సొంత మైదానంలో దిగింది. ఎదురుగా నాలుగో సీడ్ న్యూయార్క్ సిటీ. తొమ్మిది రోజుల కిందటే నాకౌట్ మ్యాచ్ గెలిచి వచ్చిన ఆ జట్టు మూడో నిమిషంలోనే గోల్ కొట్టింది. ఎక్స్‌ట్రా టైమ్ కూడా 2-2తో ముగిశాక పెనాల్టీల్లో 5-3తో గెలిచింది. చివరికి కప్పూ వాళ్లదే.

అటు పశ్చిమ విభాగంలో అదే వెసులుబాటు పొందిన కొలరాడో రాపిడ్స్ కూడా తన తొలి మ్యాచ్‌లోనే ఇంటిదారి పట్టింది. దాంతో ఎక్కువ విశ్రాంతి వల్లే జట్లు మొద్దుబారాయన్న మాట బలంగా వినిపించింది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, మరుసటి ఏడాది అలా తొలి రౌండ్ తప్పించుకున్న లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీ, ఫిలడెల్ఫియా రెండూ నేరుగా ఫైనల్ దాకా వెళ్లాయి. రెండు మూడు మ్యాచ్‌లు చూసి కారణం తేల్చేయడం టీవీ చర్చల్లో చెల్లుతుంది, లెక్కల్లో చెల్లదు.

ఆ లెక్కేంటో చూద్దాం. మీ జట్టు ఎంత బలమైనదంటే, ప్రతి నాకౌట్ మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 65 శాతం అనుకోండి. నాలుగు రౌండ్లు వరసగా గెలవాలంటే 0.65ను నాలుగుసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 18 శాతం. ఒక రౌండ్ తప్పిపోతే అది 27 శాతానికి పెరుగుతుంది. అంటే టాప్ సీడ్ వల్ల లాభం నిజమే, చిన్నదీ కాదు. అయినా నాలుగింట మూడుసార్లు కప్పు ఇంకెవరో పట్టుకుపోతారు. 1996 నుంచి 2025 వరకు 30 సీజన్లలో లీగ్ పట్టికలో అగ్రస్థానం, కప్పు రెండూ ఒకే జట్టుకు దక్కింది 8 సార్లే.

అసలు ఆ 65 శాతమే ఫుట్‌బాల్‌లో చాలా ఎక్కువ. బాస్కెట్‌బాల్‌లో ఒక్కో జట్టు వంద పాయింట్లు చేస్తుంది కాబట్టి ఒకటి రెండు పొరపాట్లు కలిసిపోతాయి. ఇక్కడ మ్యాచ్ మొత్తానికి రెండు మూడు గోల్సే. బంతి ఒకసారి పోస్టుకు తగిలి బయటికి పోతే సీజన్ అక్కడితో సరి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమానులకు ఇది అనుభవమే. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్లో 88వ నిమిషంలో స్కోరు సమం చేసి, పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి కప్పు తెచ్చింది. ఆ సీజన్ లీగ్ దశలో మొదటి స్థానం జంషెడ్‌పూర్‌ది. అది సెమీస్‌లోనే ఆగిపోయింది.

మరి అలసట సంగతి? కండరాల్లో శక్తి కోసం నిల్వ ఉండే గ్లైకోజెన్ తొంభై నిమిషాల ఆటలో చాలావరకు ఖర్చయిపోతుంది. మళ్లీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కాబట్టి వారానికి రెండు మ్యాచ్‌లు ఆడేవాళ్లు తక్కువ పరిగెడతారని ఎవరైనా అనుకుంటారు. ఓ యూరప్ క్లబ్ ఆటగాళ్లను రెండు సీజన్ల పాటు గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. పరిగెత్తిన దూరం దాదాపు తగ్గలేదు. గాయాలు మాత్రం వెయ్యి గంటల ఆటకు, వారానికి ఒక మ్యాచ్ ఉన్నప్పటి 4.1 నుంచి రెండు ఉన్నప్పుడు 25.6కు, అంటే ఆరు రెట్లు పెరిగాయి. అలసట స్కోరుబోర్డు మీద కంటే ముందు ఫిజియో గదిలో కనిపిస్తుందన్నమాట. అందుకే సీజన్ చివర్లో కోచ్‌లకు టెన్షన్. పట్టికలో ఒక మెట్టు పైకెక్కితే సొంత మైదానంలో ఇంకో మ్యాచ్ దొరకొచ్చు, దానికోసం ప్రధాన ఆటగాడి తొడ కండరాన్ని పణంగా పెట్టాలా? నా మట్టుకు వద్దనే అంటాను.

2023 నుంచి అమెరికా లీగ్ తన ప్లేఆఫ్స్ పద్ధతి మార్చి, తొలి రౌండ్‌ను మూడు మ్యాచ్‌ల సిరీస్ చేసింది. బలమైన జట్టుకు ఇది మేలే. మన 65 శాతం జట్టు సిరీస్ గెలిచే అవకాశం 72 శాతానికి చేరుతుంది. 2024లో మెస్సీ ఆడే ఇంటర్ మయామి 74 పాయింట్లతో పాత రికార్డు చెరిపేసి ఈ సిరీస్‌లో దిగింది. ప్రత్యర్థి అట్లాంటా పాయింట్లు 40, స్థానం తొమ్మిది. పైగా అట్లాంటా మాంట్రియల్‌లో పెనాల్టీల దాకా ఆడిన మూడు రోజులకే మయామిలో తొలి మ్యాచ్ ఆడాల్సి వచ్చి 2-1తో ఓడింది. తర్వాతి రెండు మ్యాచ్‌లకు మాత్రం వారం చొప్పున విరామం దొరికింది. ఆ రెండూ అట్లాంటాయే గెలిచింది.